గదిలోకి పిడుగును తెచ్చినవాడు

మే నెల సాయంత్రం. ఈదురుగాలి లేచింది, నాలుగు చినుకులు పడ్డాయి, పొలాల అవతల ఎక్కడో ఫెళ్లుమని పిడుగు. అదే క్షణంలో ఊళ్లో కరెంటు పోయింది. పొద్దున లైన్‌మన్ వచ్చి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. పిడుగు పడింది మాత్రం లైను మీద కాదు. వంద మీటర్ల దూరంలో ఉన్న తాటిచెట్టు మీద. మొవ్వు మాడిపోయిన చెట్టే సాక్ష్యం. తీగలకు ఎక్కడా మచ్చ కూడా లేదు. మరి ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పోయినట్టు?

పల్లెలో పెరిగినవాళ్లయితే ఇలాంటిది మీరు ఒక్కసారైనా చూసే ఉంటారు. ‘పిడుగు పడింది కదా’ అని సరిపెట్టుకుని ఉంటారు కూడా. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోని మనిషి ఒకడు నూరేళ్ల కిందట ఉండేవాడు. నాలుగడుగుల ఎత్తు, వంగిన వెన్ను, నోట్లో ఎప్పుడూ వెలుగుతుండే చుట్ట. ఈఈఈ చదివేవాళ్లు రెండో ఏడాదిలోనే ఆయన పేరు వింటారు, కానీ ఒక గుణకం పేరుగా మాత్రమే. ఆయనే చార్లెస్ ప్రొటియస్ స్టైన్‌మెట్జ్.

1865 ఏప్రిల్ 9న బ్రెస్లావ్ నగరంలో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తాతకు గూని, తండ్రికి గూని, ఈయనకూ అదే వచ్చింది. పసితనంలోనే తల్లి పోయింది, నాయనమ్మ చేతుల్లో పెరిగాడు. తండ్రిది రైల్వేలో ఉద్యోగం. డబ్బున్న ఇల్లు కాదు, అలాగని చదువుకు అడ్డు చెప్పే ఇల్లూ కాదు. బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో గణితం తీసుకున్నాడు. అక్కడే సోషలిస్టు విద్యార్థుల బృందంలో చేరాడు. ఏ రూపంలోకైనా మారగల గ్రీకు సముద్ర దేవత ప్రొటియస్ పేరును స్నేహితులు ఆయనకు ముద్దుపేరుగా పెట్టారు. అవి బిస్మార్క్ సోషలిస్టులపై నిషేధ చట్టం పెట్టిన రోజులు. స్టైన్‌మెట్జ్ ఒక సోషలిస్టు పత్రిక పనిలో దిగాడు, పోలీసుల కన్ను పడింది. 1888లో, డాక్టరేటు చేతికి రావడానికి కొద్ది దూరంలో ఉండగా, రాత్రికి రాత్రి దేశం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఏళ్ల చదువు. పట్టా మాత్రం లేదు.

జ్యూరిక్‌లో కొంతకాలం మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. ఆస్ముసెన్ అనే స్నేహితుడు అమెరికా వెళ్తుంటే తోడుగా బయల్దేరాడు. 1889లో ఓడ న్యూయార్క్ చేరింది. వలస వచ్చేవాళ్లను పరీక్షించే క్యాజిల్ గార్డెన్‌లో అధికారులు ఈయన్ని ఎగాదిగా చూశారు. వంకర తిరిగిన ఒళ్లు, జేబులో డబ్బు లేదు, నోట్లో ఇంగ్లిష్ లేదు. వెనక్కి పంపేయాలన్నదే వాళ్ల ఉద్దేశం. ఆస్ముసెన్ అడ్డం పడి, తన దగ్గరున్న డబ్బు ఇద్దరికీ సరిపోతుందని, ఈయన బాధ్యత తనదేనని చెప్పి లోపలికి తీసుకెళ్లాడు. ఆ స్నేహితుడు ఆ పూట నోరు విప్పకపోతే మనం ఈ కథ చెప్పుకునేవాళ్లం కాదు.

మొదటి ఉద్యోగం యాంకర్స్ ఊళ్లో, ఐకెమేయర్ అనే ఆయన ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా. జీతం వారానికి 12 డాలర్లు. యజమాని కూడా ఒకప్పుడు జర్మనీలో తిరుగుబాటు ఓడిపోయాక పారిపోయి వచ్చినవాడే. టోపీలు తయారుచేసే యంత్రాలతో మొదలై అప్పుడప్పుడే విద్యుత్ మోటార్లలోకి దిగిన ఫ్యాక్టరీ అది.

అప్పట్లో మోటారు తయారీ అంటే సగం వంటలాంటిది. చేసి చూడాలి, వేడెక్కితే మార్చాలి. ఏసీ కరెంటు పారేటప్పుడు ఇనుములో అయస్కాంతత్వం అటూ ఇటూ మారుతూ కొంత శక్తిని వేడి రూపంలో తినేస్తుంది. దాన్నే హిస్టెరిసిస్ నష్టం అంటాం. ఎంత తింటుందో ముందే చెప్పగల లెక్క ఎవరి దగ్గరా లేదు. స్టైన్‌మెట్జ్ ఇనుము నమూనాల మీద కొలతలు వరసబెట్టి తీసి, ఆ నష్టం అయస్కాంత సాంద్రతకు 1.6 ఘాతంలో పెరుగుతుందని తేల్చాడు. 1892లో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘం ముందు ఆ పత్రం చదివేనాటికి ఆయన వయసు 26. మీ పాఠ్యపుస్తకంలో కనిపించే 1.6 అదే. అది ప్రకృతి నియమం కాదు, కొలతల్లోంచి వచ్చిన అంచనా. ఈ సంగతి పాఠం చెప్పేటప్పుడు కూడా చెబితే బాగుంటుంది.

ఆ వెంటనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఐకెమేయర్ ఫ్యాక్టరీని కొనేసింది. దాంతోపాటు ఈయన కూడా ఆ కంపెనీకి వెళ్లాడు. 1894 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ ఆయన ఊరు. పౌరసత్వం తీసుకునేటప్పుడు కార్ల్‌ను చార్లెస్‌గా మార్చుకుని, మధ్యలో ఆ పాత ముద్దుపేరు పెట్టుకున్నాడు.

1893లో షికాగో మహాసభలో చెప్పినది ఇంకా పెద్ద సంగతి. ఏసీ సర్క్యూట్‌ను లెక్కించాలంటే అంతకుముందు డిఫరెన్షియల్ సమీకరణాలతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఆయన వాటి స్థానంలో సంకీర్ణ సంఖ్యలను పెట్టాడు. అంతటితో కాలిక్యులస్ పోయి కూడికలు, గుణకారాలు మిగిలాయి. అదే ఏడాది ఆర్థర్ కెన్నెలీ కూడా ఇదే దారిలో ఒక పత్రం రాశాడు కాబట్టి ఘనతంతా ఒక్కరికే కట్టబెట్టలేం. కానీ ప్రతి ఇంజినీరుకూ అర్థమయ్యేదాకా పుస్తకం వెంట పుస్తకం రాసింది మాత్రం స్టైన్‌మెట్జే. పరీక్ష ముందు రాత్రి ‘జే’లు, కోణాలు చూసి తిట్టుకుంటుంటారా? అవి లేకపోతే ఇంకా ఎంత కష్టంగా ఉండేదో ఒకసారి ఊహించుకోండి.

ఇక పిడుగు దగ్గరకు వద్దాం.

1896లో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 40 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బఫెలో నగరానికి చేరింది. లైను వోల్టేజీ 11,000. అవును, మన పొలాల మీదుగా పోయే లైనుదీ ఇదే అంకె. అప్పటికి అది చాలా పెద్ద లైను. అక్కడి నుంచి లైన్లు పొడవవుతూ పోయాయి, వోల్టేజీలు పెరుగుతూ పోయాయి. పొడవు పెరిగేకొద్దీ మబ్బుల కింద ఉండే తీగ కూడా పెరుగుతుంది. ఇన్సులేటర్లు పగలడం, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు కాలడం, ఊరంతా చీకటి. పిడుగు తీగ మీదే పడితే కారణం కంటికి కనిపిస్తుంది. కానీ పడనప్పుడు కూడా ఇదే జరుగుతోంది.

ఆనాటి ఇంజినీర్ల వివరణ ఇదీ. మబ్బు అడుగున రుణావేశం పేరుకుంటుంది. దాని కింద ఉన్న తీగలోకి ధనావేశం నెమ్మదిగా వచ్చి చేరుతుంది. మబ్బు లాగి పట్టుకున్నంతసేపూ అది కదలదు. కట్టేసిన పశువులా ఉంటుంది. ఎక్కడో దగ్గర్లో పిడుగు పడి మబ్బు ఖాళీ అయిందనుకోండి, పలుపు తెగినట్టే. తీగలో ఉన్న ఆవేశం ఒక్కసారిగా వదులై రెండు వైపులా పరుగెడుతుంది, దాదాపు కాంతి వేగంతో. అంటే మైక్రోసెకనుకు 300 మీటర్లు. తీగను పిడుగు తాకలేదు. అయినా తీగలో పెద్ద అల పుట్టింది.

అల అనే మాట ఇక్కడ ముఖ్యం. మనం బల్బు వెలిగించేటప్పుడు తీగ అంతటా ఒకేసారి ఒకే వోల్టేజీ ఉన్నట్టు అనుకుంటాం, ఆ లెక్క సరిపోతుంది. మైక్రోసెకన్లలో జరిగే సంగతికి మాత్రం సరిపోదు. అక్కడ తీగ ఒక కాలువ, వోల్టేజీ అందులో పరుగెత్తే నీటి అల. కాలువ చివర తలుపు మూసి ఉంటే అల గోడకు కొట్టుకుని పైకి లేస్తుంది కదా? తీగ చివర కూడా అంతే. నిటారుగా దూసుకొచ్చే అలకు ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట దాదాపు మూసిన తలుపులా కనిపిస్తుంది. అక్కడ వోల్టేజీ రెండింతల దాకా లేస్తుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది చుట్టలోని మొదటి కొన్ని వరసలకు. లైను మధ్యలో ఏమీ కాకుండా చివర్లో ట్రాన్స్‌ఫార్మరే ఎందుకు పోతుందో ఇప్పుడు తెలిసిందిగా!

క్షణకాలం ఉండి పోయే ఈ సంఘటనల మీద స్టైన్‌మెట్జ్ 1909లో పెద్ద పుస్తకమే రాశాడు. మబ్బు నుంచి వచ్చినా, స్విచ్ వేసినప్పుడు లైనులోనే పుట్టినా, ఉప్పెనలాంటి ప్రతి వోల్టేజీనీ ఆయన ఒకే గణితం కిందికి తెచ్చాడు.

లెక్క సరే, మరి రక్షణ? చెరువుకు అలుగు ఉంటుంది. నీళ్లు మామూలు మట్టంలో ఉంటే చుక్క కూడా బయటికి పోదు. వరద వస్తే ఎక్కువైన నీరు పొర్లిపోతుంది, కట్ట నిలుస్తుంది. కరెంటు లైనుకు అలాంటి అలుగే లైట్నింగ్ అరెస్టర్. కష్టం ఎక్కడంటే, తెరుచుకోవడం తేలిక, మళ్లీ మూసుకోవడమే కష్టం. ఉప్పెన పోయాక కూడా దారి తెరిచే ఉంటే లైనులోని మామూలు కరెంటంతా అదే దారిలో నేలలోకి పోతుంది. స్టైన్‌మెట్జ్ కాలంలో అల్యూమినియం పలకలను ద్రావణంలో ముంచిన అరెస్టర్లు వాడేవారు. పలకల మీద ఏర్పడే సన్నటి పొర మామూలు వోల్టేజీని ఆపుతుంది, ఉప్పెనకు దారి ఇస్తుంది. ఆ పొర చెడకుండా రోజూ చార్జింగ్ పెట్టాలి. ఇప్పుడు స్తంభాల మీద జింక్ ఆక్సైడ్ బిళ్లలతో చేసినవి ఉంటున్నాయి, వాటికి ఆ బాధ లేదు.

కొత్త అరెస్టర్ తయారుచేశారు సరే, పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? లైనుకు బిగించి వానాకాలం దాకా కూర్చోవాలి. వచ్చినా పిడుగు మీరు బిగించిన చోటికే రావాలని లేదు. వచ్చినప్పుడు దాని కరెంటు ఎంతో కొలిచే సాధనమూ లేదు. ఈ పరిస్థితిలో ఏళ్లు గడిచాయి.

1920 వేసవిలో పిడుగే ఆయన ఇంటికి వచ్చింది. మొహాక్ నదిలో కలిసే ఒక వాగు ఒడ్డున ఆయనకు చిన్న చెక్క కుటీరం ఉండేది. సెలవు దొరికితే అక్కడికే. తెప్పలాంటి చిన్న పడవలో అడ్డంగా ఒక పలక వేసుకుని, దాని మీద కాగితాలు పరుచుకుని, నీళ్ల మీద తేలుతూ లెక్కలు చేసేవాడు. ఆ కుటీరం మీద పిడుగు పడింది. ఆయన వచ్చి చూసేసరికి లోపల గోడకున్న అద్దం ముక్కలై నేల మీద ఉంది. మనమైతే ఊడ్చి పారేస్తాం. ఆయన ఒక్క ముక్క పోకుండా ఏరించాడు. ముక్కకు ముక్క అతికేలా పేర్చి, రెండు గాజు పలకల మధ్య బిగించాడు. కరెంటు ఎటు నుంచి వచ్చి ఎటు చీలిందో ఆ జాడలు చదువుతూ కూర్చున్నాడు. కుటీరంలో ఏవి విరిగాయి, ఏవి కరిగాయి, ఏవి చెక్కుచెదరలేదు అన్నీ చూసి, ఆ పని చేయడానికి ఎంత కరెంటు కావాలో వెనక్కి లెక్కగట్టాడు.

తర్వాత ప్రయోగశాలలో అదే పిడుగును తయారుచేయడానికి దిగాడు. గాజు పలకలకు లోహపు రేకు అతికించిన పెద్ద కండెన్సర్లు రెండు వందలు. వాటిని కొంచెం కొంచెంగా నింపి, ఒక్కసారిగా వదలడం. 1922లో ప్రపంచానికి చూపించాడు. 1,20,000 వోల్టులు, 10,000 ఆంపియర్లు, సెకనులో లక్షో వంతు కాలం. పది లక్షల హార్స్‌పవర్ పైమాటే అని పత్రికలు హోరెత్తించాయి. ఆయనకు ఉరుముల దేవుడని పేరు పెట్టాయి.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే 120 కోట్ల వాట్లు. దాన్ని సెకనులో లక్షో వంతుతో గుణిస్తే 12,000 జౌళ్లు. మీ గదిలో 10 వాట్ల ఎల్ఈడీ బల్బు 20 నిమిషాలు వెలిగితే అయ్యే ఖర్చు అంతే! దుంగ పేలిపోవడానికీ, బల్బు వెలగడానికీ కావాల్సిన శక్తి ఒకటే, తేడా అంతా ఎంతసేపట్లో వదిలామన్న దాంట్లోనే ఉంది. పిడుగును పట్టి ఊరికి కరెంటు ఇవ్వొచ్చు కదా అని అడిగే తమ్ముళ్లకు ఈ గుణకారం చూపించండి.

ఆ అక్టోబరులో ఎడిసన్ స్కెనెక్టడీ వచ్చాడు. ఒకప్పుడు ఏసీ కరెంటును కాలుదువ్వి ఎదిరించిన ఎడిసన్, ఏసీకి గణితం రాసిన స్టైన్‌మెట్జ్, ఇద్దరూ కృత్రిమ పిడుగు దెబ్బకు పగిలిన పింగాణీ ఇన్సులేటర్లను పట్టుకుని చూస్తున్న ఫొటో ఇప్పటికీ ఉంది. ఎడిసన్‌కు అప్పటికి చెవులు సరిగా వినపడవు. స్టైన్‌మెట్జ్ ఆయన మోకాలి మీద వేలితో టెలిగ్రాఫ్ సంకేతాలు కొడుతూ సంగతి చెప్పాడంటారు.

దీనివల్ల జరిగిన అసలు మేలు చప్పుడులో లేదు. ఇప్పుడు అరెస్టర్‌ను సోమవారం పరీక్షించవచ్చు, మార్పు చేసి మంగళవారం మళ్లీ పరీక్షించవచ్చు. ఒకే దెబ్బను పదిసార్లు కొట్టి చూడవచ్చు. నేటి ప్రయోగశాలల్లోని ఇంపల్స్ జనరేటర్లు జర్మన్ ఇంజినీరు ఎర్విన్ మార్క్స్ సర్క్యూట్ మీద నడుస్తాయి, పని మాత్రం అదే. హైదరాబాద్‌లో సెంట్రల్ పవర్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారి అల్ట్రా హై వోల్టేజ్ ప్రయోగశాల ఉంది. హై వోల్టేజ్ ఇంజినీరింగ్‌ను ఎవరూ తీసుకోని ఎలక్టివ్ అనుకునేవాళ్లు ఆ సంగతి ఒకసారి గుర్తుపెట్టుకోండి.

మనిషిగా ఆయనేంటి? తన వెన్ను జబ్బు పిల్లలకూ వస్తుందన్న భయంతో పెళ్లి చేసుకోలేదు. ప్రయోగశాలలో తనతో పనిచేసే జోసెఫ్ హేడెన్‌ను కొడుకుగా దత్తత తీసుకున్నాడు. హేడెన్, భార్య, ముగ్గురు పిల్లలు అందరూ ఆయన ఇంట్లోనే. పిల్లలకు ఈయన తాతయ్య. ఇంటికి ఆనుకుని అద్దాల గదిలో బ్రహ్మజెముడు జాతుల మొక్కలు, పెరట్లో మొసళ్లు. సోషలిజం మీద నమ్మకం మాత్రం పోలేదు. అంత పెద్ద కంపెనీలో పనిచేస్తూనే ఊరి సోషలిస్టు మేయర్ హయాంలో విద్యా బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. కొత్త బడుల కోసం, ఆటస్థలాల కోసం పట్టుబట్టాడు. 1922లో రష్యా విద్యుదీకరణకు సాయం చేస్తానని లెనిన్‌కు ఉత్తరం కూడా రాశాడు. యూనియన్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. బ్రెస్లావ్‌లో చేజారిన డాక్టరేటు 1903లో ఆ కాలేజీ ఇచ్చింది, గౌరవ పట్టాగా.

వాట్సాప్‌లో ఒక కథ మీకు వచ్చే ఉంటుంది. పాడైన యంత్రం మీద సుద్దముక్కతో ఒక గీత గీసి పదివేల డాలర్ల బిల్లు వేసిన ఇంజినీరు కథ. కొందరు దాన్ని ఈయన పేరుతోనే చెబుతారు. దాన్ని కథగానే చదవండి. ఆయన పని ఒక్క గీతతో తేలిపోయే రకం కాదు. అద్దం ముక్కలు ఏరడం, ఇనుము నమూనాలు వందసార్లు కొలవడం, అర్థం కాలేదన్నవాళ్ల కోసం ఇంకో పుస్తకం రాయడం, ఇదీ ఆయన పద్ధతి.

1923 శరదృతువులో హేడెన్ కుటుంబంతో పశ్చిమ తీరం దాకా పర్యటన చేసి వచ్చాడు. ఇల్లు చేరిన కొద్దిరోజులకే, అక్టోబరు 26 పొద్దున మంచం మీదే గుండె ఆగిపోయింది. 58 ఏళ్లు.

పక్కన పడే పిడుగు లెక్క ఆయనతో పూర్తి కాలేదు. మబ్బు పట్టుకున్న ఆవేశం వదులవడం ఒక్కటే కాదని తర్వాత తేలింది. పిడుగు కాలువలో కరెంటు మెరుపు వేగంతో పైకి లేచేటప్పుడు చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రం భగ్గుమని మారుతుంది, తీగలో వోల్టేజీని పుట్టించడంలో ప్రధాన పాత్ర దానిదే. 1958లో స్వీడన్ ఇంజినీరు రుస్క్ దీనికి చేతిలెక్కకు లొంగే సూత్రం ఇచ్చాడు. పిడుగు కరెంటును వేల ఆంపియర్లలో తీసుకుని, తీగ ఎత్తుతో గుణించి, దూరంతో భాగించి, 38.8తో గుణిస్తే వేల వోల్టులు వస్తాయి. మన తాటిచెట్టుకు వేసి చూద్దాం. 30 వేల ఆంపియర్ల పిడుగు, 10 మీటర్ల ఎత్తు తీగ, 100 మీటర్ల దూరం. జవాబు 116. అంటే లక్షా పదహారు వేల వోల్టులు! నేలలో కరెంటు సరిగా పారకపోతే ఇంకా పెరగొచ్చు. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేలా తయారయ్యేది సాధారణంగా 75 నుంచి 95 వేల వోల్టుల ఉప్పెనకు. పెద్ద టవర్ల మీద పోయే 220, 400 కేవీ లైన్లకు ఇది లెక్కలోకి రాదు, వాటికి నేరుగా పడే పిడుగే శత్రువు. ఊరి లైనుకు పక్కన పడే పిడుగు కూడా గండమే.

అరెస్టర్ ఉంటే చాలా? ఎక్కడ, ఎలా బిగించారన్నది కూడా చూడాలి. దాన్ని కలిపే తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. మైక్రోసెకనుకు పదివేల ఆంపియర్ల వేగంతో కరెంటు పెరిగితే ప్రతి మీటరు తీగ మీద మరో పదివేల వోల్టులు చేరతాయి, ఆ భారం ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడుతుంది. అందుకే అరెస్టర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అతి దగ్గరగా ఉండాలి, తీగ పొట్టిగా ఉండాలి. అందులోంచి నేలలోకి దిగే ఎర్త్ తీగ తెగిపోతే అలుగుకు అడ్డంగా గోడ కట్టినట్టే. ఈసారి మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి వెళ్లేటప్పుడు తలెత్తి చూడండి. మూడు తీగలకు మూడు అరెస్టర్లు ఉన్నాయా, వాటి ఎర్త్ తీగ నేల దాకా ఉందా? దూరం నుంచే చూడండి, తెగి ఉంటే లైన్‌మన్‌కు చెప్పండి.